రోగి మజ్జలోని మేలి కణములు

పాడేరు పరిసరములందు ఎవరికైనను కడుపులో ఎడమప్రక్క బల్ల పెరిగినదని విన్నంతనే, ఇంటి పెద్దలకును, ఊరికి వచ్చు ఆశా కార్యకర్తకును, ఆస్పత్రిలోని డాక్టరుగారికిని మొదట తట్టునది మలేరియా. తరతరములుగా మన్యపు జ్వరమును భరించిన సీమకు ఆ శంక కలుగుట సహజమే. మలేరియా కాదని తేలిన పిమ్మట తలపునకు వచ్చునది సికిల్‌సెల్ రక్తహీనత. అదియు ఈ కొండలవారికి క్రొత్తది కాదు. కాని ఈ రెంటికిని చెందని బల్ల యొకటి కలదు. నడివయస్సునకు చేరుచున్న మనిషి నెలల తరబడి నీరసించి, చిక్కిపోయి, నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండినట్లుండి, రాత్రులు చెమటలు పట్టి, బల్ల బొడ్డుదాక వ్యాపించి, మలేరియా పరీక్షలో ఏమియు కానరాక, తుదకు రక్తకణముల లెక్క చేయించుకొన్నచో, ఘనమిల్లీమీటరునకు 11,000 మించరాని తెల్లకణములు లక్షయో, రెండు లక్షలో ఉన్నవని తెలియవచ్చును. ఆ వ్యాధి పేరు దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకీమియా. క్యాన్సరన్న మాట విని గుండె జారవిడువనక్కరలేని రక్తక్యాన్సరు నేడేదైన నున్నచో అది ఇదియే.

ఈ వ్యాధియందలి ఒక విచిత్రమును గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. మజ్జ యంతయు చెడ్డకణములతో క్రిక్కిరిసియున్నను, ఆ క్రిక్కిరిసిన తావుననే నిర్దుష్టములైన మూలకణములు, సంఖ్యలో కొలదియైనను, ప్రాణముతో మిగిలియుండును. వానిని ఏరి, సేకరించి, భద్రపరచి, రోగికే మరల నిచ్చి వ్యాధిని జయింపవచ్చునా యని సుమారు పాతికేండ్లపాటు వైద్యలోకము తపించినది.

మూలకణమనగా నేమో ముందు చెప్పవలెను. మన ఎముకలలోని మజ్జ దినమునకు ఇంచుమించు 20,000 కోట్ల ఎర్రకణములను పుట్టించుచున్నది. తెల్లకణములును, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్లును వీనికి అదనము. ఇంతటి సంతానమునకు మాతృస్థానములో నున్నవి అత్యల్పసంఖ్యలో నుండు మూలకణములే. కెనడా దేశమున టొరంటో నగరములో టిల్, మెకల్లక్ అను నిరువురు 1961వ సంవత్సరమున ఈ సంగతిని ఎలుకలయందు నిరూపించిరి. వికిరణముచే మజ్జ నశించిన ఎలుకలకు ఆరోగ్యవంతమైన మజ్జను ఎక్కింపగా, వాని ప్లీహములపై, అనగా మనము బల్ల యని వ్యవహరించు అవయవముపై, చిన్న చిన్న బొడిపెలు లేచినవి. ఒక్కొక్క బొడిపె ఒక్కొక్క కణముయొక్క సంతతి యని వారు తేల్చిరి. అట్టి ఒకానొక మూలకణములో దొర్లిన తప్పిదమే మనము చెప్పుకొనుచున్న వ్యాధికి మూలము. 1960లో ఫిలడెల్ఫియా నగరమున నోవెల్, హంగర్‌ఫర్డ్ అనువారు ఈ రోగుల కణములలో అసాధారణముగా కురచయైన క్రోమోజోము నొకదానిని కనుగొనిరి. షికాగోలో జానెట్ రౌలీ అను విదుషి 1973లో దాని రహస్యమును విప్పెను. తొమ్మిదవ క్రోమోజోమును ఇరువదిరెండవ క్రోమోజోమును తమ తునకలను పరస్పరము మార్చుకొనుటచే, రెండు జన్యువులు అతుకుకొని బీసీఆర్-ఏబీఎల్ అను సంకర జన్యువు ఏర్పడుచున్నది. అది పుట్టించు ఎంజైము ఎన్నడును విరామము నెరుగక, కణమును విభజింపుము, విభజింపుమని తరుముచుండును. ఇది తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించునది కాదు, అంటువ్యాధియు కాదు. కొండలలో రక్తరోగమనగానే వివాహసంబంధములను గూర్చిన భయము తలయెత్తును గనుక ఈ మాటను నొక్కి చెప్పుచున్నాను: సికిల్‌సెల్ వంశానుగతము, ఈ వ్యాధి కాదు.

చోడిచేనిలో కలుపు దట్టముగా నెగసినప్పుడు గట్టున నిలిచి చూచువానికి పైరు లేనట్లే తోచును గాని, వంగి చేతితో కలుపును ప్రక్కకు తప్పించిన రైతునకు పాలిపోయిన చోడిమొక్కలు కానవచ్చును. మజ్జలోని సంగతియు అట్టిదే. మంచి కణములతో ఈ వ్యాధిని జయింపవచ్చుననుటకు తొలి బలమైన సాక్ష్యము కవలపిల్లల వలన లభించినది. అమెరికాలో సియాటిల్ నగరమున ఫెఫర్ మొదలగువారు, ఈ వ్యాధిగల నలుగురు రోగులకు తీవ్రమైన మందులతోను వికిరణముతోను మజ్జను నిర్మూలించి, ఒకే పోలికగల కవల సోదరులనుండియో సోదరీమణులనుండియో గ్రహించిన మజ్జను ఎక్కింపగా, ఫిలడెల్ఫియా క్రోమోజోము అంతర్ధానమైనదని 1979లో ప్రకటించిరి. మంచి మూలకణములకు తావు దొరికినచో వ్యాధిని తొలగించుట సాధ్యమేయని దీనివలన తెలిసినది. కాని కవలలు ఎందరికుందురు? సరిపోవు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు లేని రోగి గతి యేమి?

లండను నగరపు హామర్‌స్మిత్ ఆస్పత్రిలో జాన్ గోల్డ్‌మన్ అను వైద్యుడు ఈ ప్రశ్నకు ఒక తాత్కాలిక సమాధానము నన్వేషించెను. ఈ వ్యాధి మందులేని కాలములో మూడు నుండి అయిదేండ్లు నెమ్మదిగా నడచి, ఆ మీదట ఒక్కపెట్టున తీవ్రరూపము దాల్చెడిది. తీవ్రదశ వచ్చిన రోగి కొలది నెలలకు మించి బ్రదుకుట అరుదు. అందుచే ఆయన రోగము బయటపడిన తొలినాళ్ళలోనే రోగి రక్తమునుండి కణములను తీసి గడ్డకట్టించి దాచి, తీవ్రదశ రాగానే మందులతో మజ్జను తుడిచివేసి, దాచిన కణములను తిరిగి ఎక్కించెను. చాలమంది మరల నెమ్మదియైన దశకు మరలిరి. కాని అది కొన్నాళ్ళ ముచ్చటయే, దాచినవానిలోను చెడ్డకణములే అధికము గదా. నిజమైన మలుపు వాంకూవరు నగరమునుండి వచ్చినది. 1983లో అక్కడి కూలొంబెల్, కోనీ ఈవ్స్ మొదలైన శాస్త్రజ్ఞులు రోగి మజ్జను గాజుపాత్రలలో వారముల తరబడి పెంపగా, రోగి శరీరమున పైచేయిగా నుండిన చెడ్డకణములు పాత్రలో క్రమముగా క్షీణించి, క్రోమోజోములు సక్రమముగానున్న కణములు పైకి తేలుటను వారు గమనించిరి. లోపల నక్కియున్నది లెక్కలోనికి వచ్చినది.

ఆ తరువాతి దశకమున ఇటలీలోని జెనోవాలో కరెల్లా అను వైద్యుడు పాత్రతో నిమిత్తము లేకుండ ఈ పనిని రోగి శరీరముననే చేయింప బూనెను. గట్టి కీమోథెరపీ నిచ్చినచో తెల్లకణములు దాదాపు శూన్యమునకు పడిపోవును. తిరిగి లేచునప్పుడు, కొలది దినములపాటు, ముందుగా రక్తములోనికి వచ్చునవి మంచి మూలకణములే యగుట ఆయన కనుగొనిన విశేషము. వ్యాధి కనుగొనబడిన తొలి యేటనే చేసినచో, ఆ సేకరణములో ఫిలడెల్ఫియా క్రోమోజోము మచ్చునకైనను కానరాని రోగులు ఎక్కువగానుండిరి. ఆలస్యమైనకొలది ఫలితము సన్నగిల్లెను.

సేకరణ మెట్లు జరుగునో వివరింతును, ఏలయన ఎముకను తొలిచి మజ్జను తీయుదురేమోయన్న భీతి మనలో పలువురకు కలదు. నేడు అధికభాగము ఆ యవసరము లేదు. జీసీఎస్‌ఎఫ్ అను సూదిమందును నాలుగైదు దినములు చర్మము క్రింద ఎక్కింతురు. దానితో నడుము, తుంటి ఎముకలు కొంచెము సలుపును. మజ్జలో ఒదిగియున్న మూలకణములు పట్టు వదలి రక్తప్రవాహములోనికి దిగును. ఆపైన రోగిని మంచముపై పరుండబెట్టి, ఒక చేతినుండి రక్తమును యంత్రములోనికి పంపుదురు. యంత్రమునందు గిరగిర తిరుగు గిన్నెలో రక్తము పొరలుగా విడివడును: బరువైన ఎర్రకణములు వెలుపలి అంచునకు, పసుపువన్నె ప్లాస్మా లోపలికి, ఆ రెంటి నడుమ పలుచని లేతవన్నె పొర. మూలకణములు ఆ నడిమి పొరలోనివి. దానిని మాత్రము సంచిలోనికి లాగుకొని, మిగిలినది రెండవ చేతిలోనికి మరల పంపివేయుదురు. మూడు నుండి అయిదు గంటలు పట్టును. దేహములోని రక్తము మొత్తము రెండు మూడు మారులు యంత్రముగుండ తిరిగివచ్చును. రక్తము గడ్డకట్టకుండ కలుపు సిట్రేటు వలన కాల్షియము తగ్గి పెదవుల చుట్టును, వ్రేళ్ళకొనలయందును తిమ్మిరి పుట్టును; కాల్షియము నిచ్చినచో సర్దుకొనును. సంచిలో నిండినది చూపునకు పలుచని టమాట రసమువలె నుండును. అందు సీడీ34 అను గుర్తుగల కణము లెన్నియో లెక్కింతురు: రోగి బరువులో కిలోగ్రామునకు 20 లక్షలైనను ఉండవలెను, అనగా 50 కిలోల మనిషికి 10 కోట్లు. పిదప డీఎంఎస్‌ఓ అను ద్రవమును చేర్చి, నిముషమునకు సుమారొక డిగ్రీ చొప్పున మెల్లగా చల్లార్చి, సున్నకు దిగువ 196 డిగ్రీల ద్రవనైట్రోజనులో భద్రపరతురు. అవసరమైననాడు రోగి మంచము ప్రక్కనే గోరువెచ్చని నీటిలో కరిగించి రక్తనాళములోనికి ఎక్కింతురు. ఆ ద్రవము ఊపిరితో బయటకు వచ్చుచున్నంతసేపు గదిలో వెల్లుల్లి వాసన కొట్టును. నరములోనికి ఎక్కించిన కణములు తమంతట తాము ఎముకలలోని తావులను వెదకి చేరుకొనుట, నా మట్టుకు, ఎన్ని మారులు చదివినను తనివితీరని సంగతి.

ఇట ఈ కొండలకు ప్రత్యేకముగా సంబంధించిన మాట యొకటి. ల్యుకీమియా రోగికి నిరపాయముగా నిచ్చు ఈ జీసీఎస్‌ఎఫ్ సూదిమందే సికిల్‌సెల్ రోగికి ప్రాణాంతకము కావచ్చును. తెల్లకణములు హఠాత్తుగా పెరిగి, కొడవలి ఆకృతి దాల్చిన ఎర్రకణములతో కూడి, సూక్ష్మనాళములను మూసివేయును. అందుచేత సికిల్‌సెల్ రోగి స్వంత మూలకణములను తీసి జన్యువును సవరించు చికిత్సలో, అనగా బ్రిటనులో 2023 నవంబరునను, అమెరికాలో ఆ డిసెంబరునను అనుమతి పొందిన కాస్‌జెవీ చికిత్సలో, ప్లెరిక్సాఫర్ అను వేరొక మందును మాత్రమే వాడుచున్నారు. ఆ చికిత్స వెల అమెరికాలో 22 లక్షల డాలర్లు. ఆ మొత్తమును మన కొండల పల్లెలయెదుట పలుకుటకే నోరాడదు. 2023 జూలై 1వ తేదీన కేంద్రప్రభుత్వము ప్రారంభించిన సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమము క్రింద గిరిజన ప్రాంతములందు జరుగుచున్న రక్తపరీక్షలే మనకు ఇప్పటికి అందుబాటులోనున్న మేలు. ఈ రెండు వ్యాధులకును ఒక ఉమ్మడి మందున్నది: హైడ్రాక్సీయూరియా. పూర్వము ల్యుకీమియాలో పెరిగిన తెల్లకణములను తగ్గించుటకు ఇచ్చుచుండిన ఆ క్యాప్సూలే నేడు సికిల్‌సెల్ నొప్పులను తగ్గించుటకు ఉపయోగపడుచున్నది. ఒక ఇంట ఈ క్యాప్సూళ్ళను చూచి పొరుగువారు ఇది క్యాన్సరేయని నిశ్చయించుట పొరపాటు.

సేకరణకథకు మరలుదము. ఇంత శ్రమించి కూర్చిన కణములను తిరిగి ఎక్కించిన రోగులు ఎక్కించనివారికంటె అధికకాలము జీవించిరా? దీనిని తేల్చుటకు ఆరు తులనాత్మక పరీక్షలు ఆరంభమైనవి గాని, అవి సాంతముగా జరుగకమునుపే క్రొత్త మందొకటి వచ్చుటచే అర్ధాంతరముగా నిలిచిపోయినవి. 2007లో ఆ ఆరింటిని కలిపి చూచినప్పుడు, ఇంటర్‌ఫెరాన్ అను నాటి మందుతో చేయు చికిత్సకంటె స్వీయకణమార్పిడి మిన్నయని తేలలేదు. ఆ క్రొత్త మందు ఇమాటినిబ్. బ్రయన్ డ్రూకర్ అను వైద్యుడు మొదలగువారి కృషివలన 1998లో తొలి రోగులకిచ్చి, 2001 మేలో అమెరికాలో అనుమతి పొందిన ఈ మాత్ర, కణములన్నిటిని మట్టుపెట్టు కీమోథెరపీవంటిది కాదు. ఇందాక చెప్పిన ఆ ఎంజైములోని ఒక గాడిలో దూరి ముఖ్యముగా దానినే స్తంభింపజేయును. దినమునకు 400 మిల్లీగ్రాములు, భోజనముతో, పెద్ద గ్లాసెడు నీటితో. ఇంతే.

అప్పుడైనను సేకరణ ప్రయత్నము ఆగలేదు. మాత్రకు వ్యాధి లొంగక ఎదురుతిరిగినచో ఎట్లను శంకతో, మాత్రవలన క్రోమోజోము కానరాని స్థితికి చేరిన రోగులనుండి మూలకణములను సేకరించి దాచవచ్చునా యని ఆస్ట్రేలియాలోను బ్రిటనులోను పరీక్షించి, 2003లో సాధ్యమేయని ప్రకటించిరి. జీసీఎస్‌ఎఫ్‌తో వ్యాధి పెచ్చుపెరుగలేదు, మాత్రను కొలది వారములు నిలిపినవారిలో దిగుబడి మెరుగుగా నుండెను. అయితే ఆ సంచులను తెరువవలసిన యవసరము అరుదయ్యెను, డాసాటినిబ్, నిలోటినిబ్ వంటి తరువాతి మాత్రలు వెంటనే వచ్చినవి గనుక. ఇదంతయు వృథాశ్రమ యని కొందరందురు. నేను అట్లనను. మాత్ర చెడ్డకణములను అణచిన తరువాత ఆ ఖాళీని నింపునదెవ్వరు? రోగి మజ్జలో చిరకాలము అణగియుండిన మంచి మూలకణములే. అవియే లేకున్నచో ఇమాటినిబ్ ఇచ్చిన రోగి మజ్జ బీడై రక్తములేక మరణింపవలసినదే. సియాటిల్‌లోను, వాంకూవరులోను, జెనోవాలోను సంచులద్వారాను పాత్రలద్వారాను జరిపింప జూచిన కార్యమునే, నేడు మాత్ర రోగి ఎముకలలోపలనే జరిపించుచున్నది.

ల్యుకీమియా యనగానే తెలుగువారు భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరించుట పరిపాటి. ఆయన బృందము రూపొందించిన అమినోప్టెరిన్‌తో 1947-48లో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు పొందిన విజయము పిల్లలకు వచ్చు తీవ్ర ల్యుకీమియాకు సంబంధించినది. దీర్ఘకాలిక ల్యుకీమియా విషయమున తెలుగుగడ్డ కథ ప్రయోగశాలలోకంటె న్యాయస్థానములో ఎక్కువగా నడచినది. హైదరాబాదులోని నాట్కో ఫార్మా సంస్థ 2003లో వీనాట్ అను పేర ఇమాటినిబ్‌ను విడుదల చేసెను. గ్లివెక్ అను పేర మూలసంస్థ నోవార్టిస్ అమ్ముచుండిన మందునకు నెలకు సుమారు 1,20,000 రూపాయలనియు, మన దేశపు మందునకు 8,000 నుండి 10,000 వరకు ననియు ఆనాటి పత్రికలు వ్రాసెను. నోవార్టిస్ పేటెంటు దరఖాస్తును 2006లో చెన్నై పేటెంటు కార్యాలయము త్రోసిపుచ్చగా, వివాదము పెరిగి పెరిగి సుప్రీంకోర్టునకు చేరెను. పేటెంటు చట్టములోని 3(డి) నిబంధన ప్రకారము, తెలిసిన పదార్థమునకు స్ఫటికరూపము మార్చినంత మాత్రమున చికిత్సాగుణము హెచ్చినట్లు కాదని న్యాయమూర్తులు అఫ్తాబ్ ఆలమ్, రంజనా దేశాయి 2013 ఏప్రిల్ 1వ తేదీన తీర్పు నిచ్చిరి. నోవార్టిస్ తన దాతృత్వ కార్యక్రమము ద్వారా భారతదేశమున వేలాది రోగులకు ఉచితముగ మాత్రల నిచ్చినదన్న సంగతిని గూడ న్యాయబుద్ధితో చెప్పవలెను. అయినను దయచే లభించు మందు వేరు, కొనగలిగిన వెలకు అంగడిలో దొరకు మందు వేరు.

మాత్ర చౌకయైనంత మాత్రమున కథ ముగియలేదు. టెస్సా హోలియోక్ అను శాస్త్రజ్ఞురాలు 1999లో చూపినట్లు, చెడ్డ మూలకణములలో కొన్ని విభజన చెందక నిద్రావస్థలో నుండును. మాత్ర వానిని చంపజాలదు, వాని సంతతిని మాత్రమే అణచును. మాత్ర మానినచో అవి మేల్కొనవచ్చును. ఫ్రాన్సులో మహోన్ మొదలగువారు 2010లో ప్రకటించిన పరీక్షలో, రెండేండ్లకు పైగా సూక్ష్మపరీక్షకును వ్యాధి చిక్కని రోగులు వైద్యుల కనుసన్నలలో మాత్ర నిలుపగా, సుమారు నూటికి నలుబదిమందికి వ్యాధి తిరిగి రాలేదు; తక్కినవారికి వచ్చెను, ప్రధానముగా మొదటి ఆరు నెలలలోనే, మాత్రను మరల ప్రారంభింపగా లొంగెను. కనుక స్వయముగా మానుట వేరు, లెక్కతో నిలుపుట వేరు.

కొండమీది కష్టము ఇచ్చటనే. రోగి మూడు నెలలకే తేరుకొనును, బల్ల కరగును, చేతులకు బలము వచ్చును. కార్తీకము దాటి కాఫీపండ్ల కోత వచ్చినప్పుడు, ఆ పిమ్మట పసుపు త్రవ్వకము పైనబడినప్పుడు, ఒడలు బాగున్నవానికి మాత్రకై ఘాటీ దిగవలెనన్న తలపు వెనుకబడును. పెదబయలు ఆవలి పల్లెనుండియో, ముంచంగిపుట్టు ఆవలి పల్లెనుండియో పాడేరునకు వచ్చి, అచ్చటనుండి మలుపుల దారిలో వడ్డాదికి, చోడవరమునకు దిగి, వంద కిలోమీటర్లకు పైబడిన విశాఖ చేరి, వ్యాధికణముల శేషమును కొలుచు బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష చేయించుకొని మరలుట రెండు దినముల కూలిని మ్రింగును. ఈ పరీక్ష మొదటి యేట మూడు నెలల కొకమారు కావలెను. కన్నుల క్రింద ఉబ్బు, పిక్కల పట్టివేత, వికారము వంటివి కలిగినచో మందు పడలేదని మానివేయువారును కలరు; వైద్యునకు చెప్పినచో వీనిలో పెక్కింటికి ఉపాయమున్నది. గర్భము దాల్చదలచిన స్త్రీ మాత్రము ముందుగానే చెప్పి తీరవలెను, ఆ మాత్ర గర్భస్థశిశువునకు హానికరము.

ఇందు నా అభిప్రాయమును నిర్మొగమాటముగ చెప్పుచున్నాను. మనిషి ఘాటీ దిగనక్కరలేదు, రక్తపు గొట్టము దిగినచో చాలును. ఆ పరీక్షకు కావలసినది చేతినరమునుండి తీసిన కొలది రక్తమే. చల్లగానుంచి ఒకటి రెండు దినములలో ప్రయోగశాలకు చేర్చినచో ఫలితము చెడదు. ప్రతిదినము పాడేరునుండి విశాఖకు బస్సులు నడచుచునేయున్నవి. 2022 ఏప్రిల్ నుండి పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్యపట్టణము. 2024లో ప్రభుత్వ వైద్యకళాశాలయు వెలసినది. క్రింద అగనంపూడిలో టాటా స్మారక కేంద్రమువారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి యున్నది. ఈ వసతులన్నియు కలిసినచో, తొలిమారు రోగనిర్ణయమునకును, మందు మార్పునకును తప్ప రోగి కొండ దిగవలసిన పని లేకుండ, రక్తము తీయుటయు, మూడు నెలల మాత్రలు ఒక్కసారిగా అందజేయుటయు పాడేరుననే జరుగవచ్చును. మలేరియాకు రక్తపుచుక్కను గాజుపలకపై తీసి క్రిందికి పంపుట ఈ కొండలలో దశాబ్దములుగా నడచిన అలవాటే గనుక, దానికి క్రొత్త విద్య యేదియు నేర్వనక్కరలేదు.

ఇక వినుచున్నవారిలో ఎవరి యింటనైనను బల్ల పెరిగిన మనిషి యుండి, మలేరియా పరీక్ష ఒకటికి రెండు మారులు లేదని వచ్చియున్నచో, ఊరకుండక, రక్తకణముల పూర్తి లెక్క చేయింపుడని డాక్టరుగారిని అడుగుడు. ఆ పరీక్ష పాడేరు ఆస్పత్రిలోనే చేయుదురు.